లిస్టులో చౌడు మన్ను లేదు

పోస్టు పెద్దదే, నిదానంగా చదవండి. ఇంటర్ చదివే ఒక తమ్ముడు మమ్మల్ని అడిగినాడు: "అన్నా, మల్టీఫిజిక్స్ సిమ్యులేషన్ అంటే ఏంది? అది పెద్ద కంపెనీలోళ్ళకేనా, మనకేమన్నా పనికొస్తుందా?" రెండు మాటల్లో చెప్పేది కాదు. ఆరు నెలలుగా మేము దాంతోనే కుస్తీ పడుతున్నాం, అందుకే ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాం.

మేము అంటే ఎమ్మిగనూరు హాస్టల్లో ఒకే రూములో ఉండే ముగ్గురం. ఇద్దరం సుగాలోళ్ళం, ఒకరం ఎరుకలోళ్ళం. ముగ్గురికీ ఇరవై ఏండ్లు, ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. మూడు ఇండ్లల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ల్యాప్‌టాప్ ఒకటే, అది కూడా సెకండ్ హ్యాండ్‌ది.

ముందు ఆ పేరు సంగతి. ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి తోలుకపోయిన ఇండ్లోళ్ళకు ఇది చెప్పక్కరలేదు. కుప్పలోకి తేమ మిషన్ సూది గుచ్చుతారు. సీసీఐ లెక్కలో 8 శాతం తేమ ఉంటే పూర్తి ధర, 12 దాటితే కొనరు, మధ్యలో ఉంటే ధరలో కోత. ఆ మిషన్ తేమను కండ్లతో చూడదు. పత్తిలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో చూసి, దాన్ని బట్టి తేమ ఇంత అని చెప్తుంది, ఎక్కువ మిషన్లు ఇట్లాంటివే. అదే పత్తి గట్టిగా తొక్కి ఉంటే ఒక అంకె వస్తుంది, వదులుగా ఉంటే ఇంకో అంకె, ఎండకు కాగి ఉంటే మరో అంకె. కరెంటు, తేమ, వేడి, ఒత్తిడి నాలుగూ ఒక్క కుప్పలోనే ఉన్నాయి, ఒకటి కదిలితే మిగతా మూడూ కదుల్తాయి. మన పుస్తకాల్లో మాత్రం ఇవి నాలుగు వేరే వేరే చాప్టర్లు, ఒక చాప్టర్ పరీక్షలో ఇంకో చాప్టర్ రాదు. పత్తి కుప్పకు చాప్టర్లు తెలీవు కదా. ఆ నాలుగింటినీ కలిపి, ఒకదాని మీద ఒకటి ఎట్ల పని చేస్తుందో కంప్యూటర్లో లెక్క కట్టేదే మల్టీఫిజిక్స్ సిమ్యులేషన్. రాకెట్ నాజిల్లో గ్యాసు, వేడి, లోహం మీద పడే బరువు కలిసి ఉంటాయి. కరెంటు బండి బ్యాటరీలో రసాయనం, కరెంటు, వేడి కలిసి ఉంటాయి. ప్రతిసారీ ఒకటి తయారుచేసి, కాల్చి, పగలగొట్టి చూడాలంటే ఎవరి దగ్గరా అంత డబ్బు, టైము ఉండవు, అందుకే ముందు కంప్యూటర్లో చూస్తారు.

ఎట్ల లెక్క కడుతుంది అంటే, ఎమ్మిగనూరు మగ్గం గుడ్డను దగ్గరగా చూడండి. పడుగు, పేక కలిసే చోటల్లా ఒక ముడి లాంటిది ఉంటుంది. మనం లెక్క కట్టాల్సిన వస్తువును కంప్యూటర్ అట్లనే చిన్న చిన్న గళ్ళుగా కోస్తుంది, దాన్నే మెష్ అంటారు. ఒక్కో ముడి దగ్గర ఒక్కో ప్రశ్న: ఇక్కడ వేడి ఎంత? పక్క గడి నుంచి వచ్చిన వేడి, పోయిన వేడి, అక్కడే నిలిచిన వేడి, ఈ మూడూ సరిపోవాలి. ఇట్లాంటి సమీకరణాలు వేలల్లో వస్తాయి, అన్నీ ఒకేసారి తేలాలి. గాలి కూడా ఉంటే ముందు వేడి అంచనా వేసి, దాంతో గాలి ఎట్ల కదులుతుందో చూసి, ఆ గాలితో మళ్ళా వేడి లెక్క చేస్తుంది. తండాలో నాయక్ పంచాయితీ చేసినట్టు అనుకోండి. ఈ పక్కోళ్ళను అడుగుతాడు, ఆ పక్కోళ్ళను అడుగుతాడు, మళ్ళా ఈ పక్కకు వస్తాడు, ఇద్దరి మాటా మారకుండా నిలబడేదాకా తిరుగుతాడు.

ఈ గళ్ళ పద్ధతికి ఫైనైట్ ఎలిమెంట్ అనే పేరు 1960లో వచ్చింది. మా లైబ్రరీలో దాని మీద బాగా నలిగిన పుస్తకం జె.ఎన్. రెడ్డి గారిది, మొదట 1984లో వచ్చింది. ఆయన వరంగల్ జిల్లా మనిషి, ఉస్మానియాలో 1968లో ఇంజినీరింగ్ పూర్తి చేసి అమెరికా పోయినారు. 2019లో టిమోషెంకో మెడల్ వచ్చింది, మెకానిక్స్ చదివేటోళ్ళకు దాని కంటే పెద్దవి చాలా తక్కువ. అసలు గళ్ళే లేకుండా లెక్క చేసే పద్ధతి మీద పని చేసిన సత్య అట్లూరి గారు గుడివాడలో పుట్టినారు, 2013లో పద్మభూషణ్ అందుకున్నారు. మన భాషోళ్ళ పేర్లు ఆ అట్టల మీద చూస్తే సంతోషమే. నాయక్ అనే పేరు మాత్రం ఆ బీరువాలో మాకింకా కనబడలేదు.

ఇంక మా పని సంగతి. మినీ ప్రాజెక్టుకు టాపిక్ ఎంచుకోమన్నారు. క్లాసులో చానా మంది మోటారు చల్లబడడం, పైపులో నీళ్ళు, ఇట్లాంటివి తీసుకున్నారు. అవి నెట్‌లో రెడీగా దొరుకుతాయి. ఎర్రగా, నీలంగా బొమ్మ వస్తే మార్కులు పడతాయి. మేము మిద్దె తీసుకున్నాం. ఎందుకంటే అప్పటికి మాలో ఒకరి ఇంట్లో దాని గురించే గొడవ నడుస్తా ఉండింది.

ఆ ఇల్లు ఆదోని పక్క తండాలో ఉంది. అవ్వ ఉండేది అందులోనే. దూలాలు, వాటి మీద దంతెలు, దంతెల మీద నాపబండలు, ఆ పైన జానెడు దగ్గర దగ్గర చౌడు మన్ను. నడుమ ఒక గవాచి. వానకు ఉరుస్తా ఉందని చిన్నాయన దాన్ని పీకేసి రేకులు వేయాలన్నాడు. తండాలో సగం ఇండ్లు ఇప్పటికే రేకులు. అవ్వ ఒప్పుకోలేదు. "రేకు కింద మధ్యాహ్నం పిల్లోడు నిద్రపోడు, మిద్దె కింద పోతాడు. మిద్దె పొద్దు గూకినాకే వేడి కక్కుతుంది, అప్పటికి మనం బయట మంచం వేసుకుంటాం" అనేది ఆమె మాట. ఇంట్లో దాన్ని ఎవరూ లెక్క చేయలేదు, ముసలామె చాదస్తం అన్నారు. మాకు మాత్రం అది టెస్టు చేయదగిన మాట అనిపించింది. ఎండ పైన తగిలిన గంటకు, కింద వేడి తెలిసే గంటకు నడుమ ఎంత తేడా ఉందో ఆమె చెప్తా ఉంది. ఇంజినీరింగ్ పుస్తకంలో దాన్ని టైమ్ లాగ్ అంటారు.

కంప్యూటర్ ముట్టక ముందు పుస్తకంలో ఉన్న సూత్రంతో చేతి లెక్క చేసినాం. ఎండిన మట్టికి మామూలుగా ఇచ్చే విలువలు పెడితే, 15 సెంటీమీటర్ల మందంలోంచి వేడి దిగడానికి సుమారు 5 గంటలు పడుతుంది, పైనున్న ఎగుడుదిగుడులో పావు వంతు కంటే కొంచెం ఎక్కువ మాత్రమే కిందికి చేరుతుంది. 10 సెంటీమీటర్ల కాంక్రీటు స్లాబుకు మూడు గంటల లోపే, వేడిలో సగం దిగుతుంది. రేకుకు లాగ్ అనేదే లేదు. అర మిల్లీమీటరు ఇనుప రేకు చదరపు మీటరుకు 4 కేజీలు కూడా తూగదు, అదే మిద్దె మీది మన్ను చదరపు మీటరుకు 240 కేజీల దాకా ఉంటుంది. ఒక్క డిగ్రీ కాగడానికి రేకు కంటే ఆ మన్నుకు వంద రెట్లకు పైగా వేడి కావాలి. ఎండ వచ్చిన రెండు మూడు నిమిషాల్లో రేకు ముట్టుకోలేనంత అవుతుంది. మిద్దె పైభాగం మధ్యాహ్నం ఒంటిగంట, రెండుకు బాగా కాగుతుంది, దానికి 5 గంటలు కలపండి. అవ్వ చెప్పిన పొద్దు గూకే టైమే వచ్చింది.

ఇది సూత్రం. అసలు మిద్దె సూత్రం కంటే కష్టం. సాయంత్రం అవ్వ మిద్దె మీద నీళ్ళు చల్లుతుంది. తడి మన్నులోంచి వేడి ఎండు మన్నులో కంటే రెండు మూడింతలు సులువుగా పోతుంది, అంటే చల్లడం నష్టం. కానీ ఆ నీళ్ళు ఆవిరైపోతా వేడిని తీసుకపోతాయి, అంటే చల్లడం లాభం. చదరపు మీటరు మీద ఒక్క లీటరు ఆవిరైతే, మిట్టమధ్యాహ్నం ఎండ 40 నిమిషాల్లో తెచ్చే వేడంత తీసుకపోతుంది. 20 చదరపు మీటర్ల మిద్దెకు 20 లీటర్లు, బిందెన్నర. (ఆ బిందెన్నర బోరింగు కాడి నుంచి ఎవరు మోస్తారు, నిచ్చెన ఎవరు ఎక్కుతారు అనేది వేరే లెక్క.) లాభం, నష్టం రెంట్లో ఏది గెలుస్తుందో చేతి లెక్కతో తేలదు. వేడి తేమను నడిపిస్తుంది, తేమ వేడి దారిని మారుస్తుంది, కింద గది గాలి గవాచిలోంచి పైకి పోతా ఉంటుంది. ఇక్కడే సాఫ్ట్‌వేర్ అవసరం పడింది.

కాలేజీ ల్యాబులో డబ్బు కట్టి కొన్న సాఫ్ట్‌వేర్ ఉంటుంది కానీ మనకు దొరికే గంటలు తక్కువ. ఈ రంగంలో అందరూ చెప్పే కామ్సాల్ 1986లో స్టాక్‌హోంలో మొదలైన కంపెనీది, మన స్కాలర్‌షిప్పుకు అందేది కాదు. మేము ఎల్మర్ అనేది వాడినాం. ఫిన్లాండ్‌లో సీఎస్సీ అనే ప్రభుత్వ కంప్యూటర్ సెంటరోళ్ళు 1995లో మొదలుపెట్టి, 2005లో అందరికీ ఉచితంగా వదిలినారు. అక్కడోళ్ళు దాంతో మంచు కొండలు ఎట్ల జారుతాయో లెక్క కడతారు. మేము అదే సాఫ్ట్‌వేర్‌లో ఆదోని మే నెల ఎండ పెట్టినాం. గళ్ళు కోయడానికి జీమెష్, బొమ్మ చూడడానికి పారావ్యూ, రెండూ ఫ్రీనే. ఇల్లు మొత్తం కాకుండా నిలువుగా ఒక ముక్క కోసినట్టు రెండు కొలతల్లో చేస్తే మా పాత ల్యాప్‌టాప్ కూడా మోసింది. రాత్రి హాస్టల్లో పెట్టి పడుకుంటే తెల్లారేసరికి జవాబు, నడుమ కరెంటు పోకపోతే.

సాఫ్ట్‌వేర్ మొదట అడిగేది మెటీరియల్ ఏంది అని. లిస్టు తెరిచి చూస్తే రాగి, అల్యూమినియం, రకరకాల స్టీలు, ఇట్లాంటివి. చౌడు మన్ను లేదు. ఉంటుందని మేమూ అనుకోలేదులే. కానీ ఆ లిస్టును చూస్తా చానాసేపు కూర్చున్నాం. ఎవురో ఒకరు ఎప్పుడో ల్యాబులో కూర్చుని కొలిచినారు కాబట్టే రాగికి అంకె ఉంది. రాయలసీమ అంతా ఎన్ని తరాలు చౌడు కింద పడుకున్నా, దాన్ని కొలిచి ఆ లిస్టులో పెట్టినోళ్ళు లేరు. అంకె లేనిది కంప్యూటర్‌కు లేనట్టే. అప్పుడు ఇంజినీరు ఏం చేస్తాడు? మట్టి అన్నచోట ఇటుక విలువ పెడతాడు, రిపోర్టు అయిపోతుంది.

మేము కొలుద్దాం అనుకున్నాం. ఫిజిక్స్ ల్యాబులో లీ డిస్కు ఉంటుంది, గుర్తుందా? ఎబొనైట్ బిళ్ళ పెట్టి, పైన ఆవిరి పంపి, వేడి ఎంత దాటిందో కొలిచే ప్రయోగం. ఎబొనైట్ బదులు చౌడు బిళ్ళ చేసి పెట్టినాం. తండా నుంచి రెండు కేజీలు మన్ను సంచిలో తెచ్చుకుంటే హాస్టల్ వాచ్‌మన్ అన్న "ఏంరా, మిద్దె కడతారా రూములో" అని నవ్వినాడు. ఎండు బిళ్ళతో పని బాగానే అయింది. తడి బిళ్ళ దగ్గరే అసలు విషయం బయటపడింది. అంకె నిలవదు. ఆవిరి వేడికి బిళ్ళలో తేమ ఎండిపోతా ఉంటుంది, ఎండేకొద్దీ వేడి దాటడం తగ్గుతుంది. మేము కొలిచేటప్పుడే మన్ను మారిపోతా ఉంది! తడి మన్నుకు సన్నని సూది లాంటి హీటర్ గుచ్చి, కొద్దిసేపు మాత్రమే వేడి చేసి, వేడి ఎంత తొందరగా పెరిగిందో చూసే పద్ధతి ఉంది, అట్లైతే తేమ పారిపోయే లోపలే కొలత అయిపోతుంది. ఇప్పుడు దాన్ని తయారుచేస్తున్నాం. మల్టీఫిజిక్స్ అంటే ఏందో మాకు పూర్తిగా అర్థమైంది ఆ తడి బిళ్ళ దగ్గరే, స్క్రీను మీద కాదు.

బొమ్మ గురించి ఒక మాట. రంగులు చూసి నమ్మొద్దండి. ఏ విలువ పెట్టినా రంగులు వస్తాయి. గళ్ళు ఇంకా సన్నగా కోసి మళ్ళా నడపాలి, జవాబు మారకూడదు. తెలిసిన సూత్రంతో పోల్చాలి. ఆ తర్వాత అసలు ఇంట్లో థర్మామీటర్ పెట్టి చూడాలి. మేము డిఎస్18బి20 అనే చిన్న సెన్సార్లు పెట్టినాం, అర డిగ్రీ తేడాతో చెప్తాయి, ధర కూడా మనం భరించగలిగేదే. రేకుల ఇంట్లో ఒకటి, అవ్వ మిద్దెలో ఒకటి. రేకు కింద వేడి ఎండతో పాటే ఎక్కి ఎండతో పాటే దిగింది, మిద్దె కింద చీకటి పడేటప్పటికి ఎక్కింది.

ఇంకోటి కూడా తెలిసింది. గాలి వేడి ఒక్కటే కొలిస్తే రేకు సంగతి సగమే తెలుస్తుంది. రేకు 60 డిగ్రీలకు చేరితే, కింద పడుకున్న మనిషి మీదికి దాని నుంచి నేరుగా దిగే వేడి చదరపు మీటరుకు 150 వాట్లకు పైనే అని లెక్క. పొయ్యి ముందు కూర్చుంటే ముఖానికి తగిలే వేడి లాంటిది. ఫ్యాను గాలిని తిప్పుతుంది కానీ దీన్ని ఆపలేదు. టీవీలో చెప్పే 42 డిగ్రీలలో ఇది ఉండదు.

హైదరాబాద్‌లో ఇట్లాంటి పని ముందే జరిగింది. ఐఐఐటి హైదరాబాద్ వాళ్ళు, అమెరికా లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ వాళ్ళు కలిసి తెల్ల కప్పుల మీద పరిశోధన చేసినారు. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ కూడా తెచ్చింది. మంచిదే. కానీ ఆ పరిశోధన లాభాన్ని లెక్క కట్టింది ఏసీకి తగ్గిన కరెంటు యూనిట్లలో. మన ఇంట్లో ఏసీ లేదు, కాబట్టి ఆ లెక్కలో మనకు ఆదా సున్నా. మధ్యాహ్నం పిల్లోడు పడుకున్న రెండు గంటలను ఏ యూనిట్లలో రాయాలి? మా ప్రాజెక్టులో మేము యూనిట్ల బదులు "నిద్ర పట్టే గంటలు" అని ఒక కాలమ్ పెట్టినాం. మా సారు మొదట నవ్వినాడు, తర్వాత ఉంచమన్నాడు.

లెక్కలన్నీ తీసుకుని సెలవులకు ఇంటికి పోయినాం. మిద్దె ఎందుకు మేలో చిన్నాయనకు, నాయనకు కూర్చోబెట్టి చెప్పినాం, గ్రాఫులు చూపించినాం. నాయన అంతా విన్నాడు. విని, "అంతా బాగుంది గానీ, మీ కంప్యూటర్ వచ్చి ఏటేటా చౌడు పోస్తుందా?" అన్నాడు.

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. చౌడు మిద్దెకు ఏటా వానలకు ముందు కొత్త మన్ను పోయాలి, తొక్కాలి, అంచులు సరిచేయాలి. నలుగురు మనుషుల పని. మన పక్క సంక్రాంతి దాటితే తండాకు తండా గుంటూరు మిరప కోతలకు పోతుంది, ఇంట్లో ముసలోళ్ళు, బడి పిల్లోళ్ళు మిగుల్తారు. తిరిగొచ్చినోళ్ళు అప్పు లెక్కలు చూసుకుంటారా, మిద్దె ఎక్కుతారా? వరసగా రెండేండ్లు మన్ను పోయకపోతే ఉరుస్తుంది, దంతెలు పుచ్చుతాయి. రేకులు గెలుస్తున్నది చల్లగా ఉంటాయని కాదు, మనిషి లేకున్నా నిలుస్తాయని. సాఫ్ట్‌వేర్‌లో ఎండకు బాక్సు ఉంది, గాలికి బాక్సు ఉంది, వలసకు బాక్సు లేదు.

అందుకని ప్రశ్న మార్చినాం. మిద్దెనా రేకులా అని కాకుండా, రేకులే వేయాల్సి వస్తే దాని కింద బతకడం ఎట్ల అని. పైన సున్నం కొడితే ఎంత, కింద కంది కట్టెల తడక కట్టి నడుమ జానెడు గాలి వదిలితే ఎంత, ఆ గాలి పోవడానికి పైన గవాచి లాంటి సందు పెడితే ఎంత, ఒక్కోటి వేరేగా, మళ్ళా కలిపి నడిపినాం. నేరుగా దిగే వేడిని తడక అడ్డుకుంటుంది. సందు లేకపోతే తడక పైన గాలి కాగి అక్కడే నిలుస్తుంది. సున్నం అన్నిటికంటే చవక, కానీ వానకు కడుక్కపోతుంది, ఏటా కొట్టాలి. అయితే సున్నం కొట్టడానికి ఒక్క మనిషి, ఒక్క పూట చాలు, చౌడుకు నలుగురు కావాలి. కంది కట్టెలకు ఎలుకలు, పాములు చేరతాయని అవ్వ అన్నది. నిజమే. నిప్పు భయం కూడా ఉంది, అందుకే పొయ్యి ఉన్న చోట తడక వద్దనుకున్నాం.

చివరికి వెనక గది మిద్దె అట్లనే ఉంచినారు, అది చిన్నది, దానికి ఇద్దరు చాలు. ముందు గదికి రేకులు, సున్నం, తడక, పైన సందు. రెంట్లోనూ సెన్సార్లు వేలాడుతున్నాయి.

ఇప్పుడు మీతో పని. ఇది ఒక్క ఇంటితో తేలేది కాదు. ఆలూరు, పత్తికొండ, కోసిగి, దేవనకొండ పక్క తండాల్లో ఉన్నోళ్ళు, నల్లమల గూడేల్లో ఉన్న చెంచు తమ్ముళ్ళు, ఎవరింట్లో మామూలు థర్మామీటర్ ఉన్నా చాలు. పొద్దున 6, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10, నాలుగు సార్లు ఒకే చోట, నేల నుంచి మూరెడు ఎత్తులో పెట్టి రాయండి. కప్పు ఏది (మిద్దె, బోద, సిమెంటు రేకు, ఇనుప రేకు, స్లాబు), మందం ఎంత, రంగు ఏంది, ఆ రోజు నీళ్ళు చల్లినారా లేదా, ఇవి కూడా రాయాలి. వారం రోజులవి ఉంటే మంచిది. ఎల్మర్ నేర్చుకోవాలనుకునే ఇంజినీరింగ్, డిప్లొమా వాళ్ళు ఆదివారం మా హాస్టల్‌కు రండి, ఉన్న ఒక్క ల్యాప్‌టాప్‌లోనే చూపిస్తాం. గాలి, నీళ్ళ లెక్కలు నేర్చుకునేటోళ్ళకు ఐఐటి బొంబాయి వాళ్ళ స్పోకెన్ ట్యుటోరియల్‌లో ఓపెన్‌ఫోమ్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి.

చౌడు మన్ను పంపేవాళ్ళు ఒక కేజీ పంపితే చాలు. ఏ గుట్ట కాడ తవ్వినారో, ఏ నెలలో తవ్వినారో సంచి మీద రాయడం మర్చిపోవద్దు. తడిగా ఉంటే ఎండబెట్టకండి, మూతి గట్టిగా కట్టి అట్లనే పంపండి.